రెండో తప్పు ఎక్కడ పుడుతుంది?

(యువతలో పునరావృత నేరాల గురించి చేసిన ప్రసంగానికి అక్షర రూపం. తడబాట్లు తప్ప మాటలు ఉన్నవి ఉన్నట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం.

నాకిచ్చిన అంశం పేరు చాలా పెద్దది: యువత మళ్ళీ మళ్ళీ నేరాలకు పాల్పడటానికి సామాజిక, ఆర్థిక కారణాలు. దాన్ని ఒక చిన్న ప్రశ్నగా మార్చుకుని వచ్చాను. పదహారేళ్ళ వయసులో ఒకసారి పట్టుబడిన పిల్లవాడు రెండోసారి ఎందుకు పట్టుబడతాడు? మొదటిసారి ఎందుకు చేశాడన్నది కాదు, రెండోసారి ఎందుకు చేశాడు? రెండింటికీ జవాబు ఒకటే అనుకుంటాం. చెడ్డవాడు కాబట్టి చేశాడు, చెడ్డవాడు కాబట్టి మళ్ళీ చేశాడు. ఈ రెండు "కాబట్టి"ల మధ్య ఏం జరిగిందో చూడం. ఈరోజు అది చూద్దాం.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అన్న సామెత మనందరికీ తెలుసు. పైకి అనకపోయినా మనలో చాలామంది నమ్మేది ఇదే. ఒకసారి దొంగతనం చేసినవాడు మళ్ళీ చేస్తే మనకు ఆశ్చర్యం వేయదు. మానేస్తేనే ఆశ్చర్యం. లెక్కలు చూస్తే మాత్రం సంగతి ఇంత సులువుగా లేదు.

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఒక పని చేశారు. 1945లో పుట్టి, అదే ఊళ్ళో పెరిగిన మగపిల్లలు 9,945 మంది. వాళ్ళకు పద్దెనిమిదేళ్ళు నిండేవరకు పోలీసుల దగ్గరున్న కాగితాలన్నీ తిరగేశారు. మార్విన్ వూల్ఫ్‌గ్యాంగ్, ఆయన సహచరులు 1972లో ఆ ఫలితాలు ప్రచురించారు. ఆ పిల్లల్లో ఎంతమంది పేర్లు కనీసం ఒక్కసారైనా పోలీసు కాగితాలకు ఎక్కాయనుకుంటున్నారు? నూటికి ఐదుగురా? పదిమందా? ముప్ఫై ఐదుగురు! అందరికీ శిక్ష పడిందని కాదు, పోలీసు రికార్డులో పేరుంది, అంతే. అయినా మూడో వంతుకు పైగా. మరి ఆ ముప్ఫై ఐదు శాతం మందిలో ఎంతమంది మళ్ళీ కనిపించలేదు? దాదాపు సగం. సరిగ్గా చెప్పాలంటే 46 శాతం. ఒక్కసారి కనిపించారు, మళ్ళీ లేరు. పుట్టుకతో వచ్చిన బుద్ధి అయితే ఆ సగం మందికి ఎలా పోయింది?

అదే అధ్యయనంలో ఇంకో సంఖ్య ఉంది. దాన్ని దాచిపెడితే నేను మీకు న్యాయం చేయనట్టే. ఐదు సార్లు, అంతకన్నా ఎక్కువసార్లు పట్టుబడినవాళ్ళు 627 మంది. మొత్తం పిల్లల్లో ఆరు శాతం చిల్లర. ఆ మొత్తం నేరాల్లో సగానికి పైగా, 52 శాతం దాకా, వాళ్ళ ఖాతాలోవే. అందుకే ఈ సంఖ్య బయటికి రాగానే చాలామంది అధికారులకు ఒక ఆశ పుట్టింది. ఆ ఆరు శాతాన్ని ముందే గుర్తుపట్టి తీసేస్తే సగం నేరాలు ఆగిపోతాయి కదా! వినడానికి బాగుంది. కానీ ఆ 627 మంది ఎవరో తెలిసింది ఎప్పుడు? పద్దెనిమిదేళ్ళూ గడిచాక, వెనక్కి తిరిగి చూసినప్పుడు. మొదటిసారి పట్టుబడిన రోజున స్టేషన్ బెంచీ మీద కూర్చున్న కుర్రాళ్ళలో ఎవరు ఆగిపోతారో, ఎవరు ఐదోసారికి వస్తారో ముఖం చూసి చెప్పగలిగినవాళ్ళు లేరు.

చిన్నప్పటి నుంచే తీవ్రమైన ఇబ్బందులతో పెరిగి, పెద్దయ్యాక కూడా నేరాలు మానని ఒక చిన్న వర్గం ఉందని టెర్రీ మోఫిట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1993లో రాశారు. అలాంటివాళ్ళు అసలు లేరని నేను అనను. కానీ ఆమె చెప్పిన రెండో సగాన్ని మనం తరచు మరిచిపోతాం. మిగిలిన అత్యధికులు కౌమారంలో మొదలుపెట్టి, కౌమారంతోనే ఆపేసేవాళ్ళు. ఇది కొత్త సంగతి కూడా కాదు. బెల్జియం గణాంకవేత్త కెట్లే 1831లోనే చూపించాడు: నేరం వయసుతో పాటు పెరుగుతుంది, యౌవనంలో శిఖరం చేరుతుంది, తర్వాత దిగిపోతుంది. అంటే వయసు తన పని తాను చేసుకుపోతుంది. దాన్ని చెయ్యనిస్తున్నామా లేదా అన్నదే నా ప్రశ్న.

ఇక ఆర్థిక కారణాలకు వద్దాం. ఈ మాట ఎత్తగానే సభలో ఎవరో ఒకరు లేస్తారు. "ఏమండీ, పేదవాళ్ళందరూ దొంగతనాలు చేస్తున్నారా?" అని. ఇంకా ఎవరూ లేవలేదు కాబట్టి నేనే అడిగేసుకుంటున్నాను. చేయడం లేదు. పేద ఇళ్ళలో పెరిగే పిల్లల్లో అత్యధికులు ఏ నేరమూ చేయరు. పేదరికానికి, నేరానికి మధ్య సూటి గీత గీసేవాళ్ళు ఆ ఇళ్ళను అవమానిస్తున్నారు. మరి పేదరికానికి ఏ సంబంధమూ లేదా? ఉంది. ఎక్కడ ఉందో సరిగ్గా చూడాలి.

దక్షిణ లండన్‌లో ఒక కార్మికవాడకు చెందిన 411 మంది మగపిల్లల్ని ఎనిమిది, తొమ్మిదేళ్ళ వయసు నుంచి దశాబ్దాల పాటు గమనించారు. 1961లో మొదలైంది. డొనాల్డ్ వెస్ట్ మొదలుపెట్టారు, తర్వాత డేవిడ్ ఫారింగ్టన్ నడిపించారు. కేంబ్రిడ్జ్ అధ్యయనం అంటారు. అందులో చిన్నప్పుడే కనిపించిన సూచనలు ఏమిటి? తక్కువ రాబడి, పెద్ద కుటుంబం, ఇరుకు ఇల్లు, పిల్లల మీద కన్ను వేసి ఉంచలేని తల్లిదండ్రులు, ఇంట్లో ఇదివరకే శిక్ష పడినవాళ్ళు ఉండటం, చదువులో వెనకబాటు. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా పిల్లవాణ్ణి నేరస్థుణ్ణి చేయదు. ఒకదాని మీద ఒకటి పేరుకుంటేనే బరువు.

నాకు ఈ అధ్యయనంలో బాగా పనికొచ్చింది ఇంకొకటి. ఆ కుర్రాళ్ళు బడి మానేసిన తర్వాతి కాలాన్ని ఫారింగ్టన్ బృందం ముక్కలుగా విడదీసింది. ఉద్యోగం ఉన్న నెలలు, లేని నెలలు. ఒక కుర్రాణ్ణి ఇంకో కుర్రాడితో పోల్చలేదు. అదే కుర్రాణ్ణి అతనితోనే పోల్చారు. అదే తల్లి, అదే తండ్రి, అదే బుద్ధి. ఏం తేలింది? పని లేని కాలంలో నేరాలు పెరిగాయి. ఏ నేరాలు? డబ్బు వచ్చే నేరాలు. దొంగతనం, ఇళ్ళలో చొరబడటం, అలాంటివి. కొట్లాటలు పెరగలేదు. ఈ తేడా గమనించండి. నిరుద్యోగం వల్ల బుద్ధే చెడి ఉంటే కొట్లాటలు కూడా పెరగాలి కదా?

పేదరికం మొదటి తప్పును ఎంతవరకు చేయిస్తుందన్నది వాదించుకోవచ్చు. కానీ మొదటి తప్పు ఖరీదును పెంచుతుందన్నది మాత్రం కళ్ళకు కనిపిస్తుంది. నేను చెప్పదలచుకున్నది ఇదే. తప్పు ఒకటే, ఖరీదు వేరు.

ఇద్దరు కుర్రాళ్ళను ఊహించుకోండి. ఇద్దరికీ పదహారేళ్ళు. ఇద్దరూ కలిసే ఒకరి సైకిల్ ఎత్తుకుపోయారు. సరదాకో, పంతానికో. ఇద్దరూ దొరికిపోయారు. మొదటివాడి తండ్రి గంటలో వకీలుతో దిగాడు. సైకిల్ యజమానిని బతిమాలాడు, కొత్త సైకిల్ కొనిచ్చాడు, రాజీ కుదిరింది. రెండు రోజులు తిట్టాడు, ట్యూషన్ పెట్టించాడు, ఇంకో బడిలో చేర్చాడు. ఆ కథ పదేళ్ళ తర్వాత పెళ్ళిళ్ళలో చెప్పుకుని నవ్వుకునే కథ అవుతుంది. రెండోవాడి తల్లి కబురు అందేసరికి పనిలో ఉంది. సెలవు పెడితే ఆ రోజు కూలి పోతుంది. వకీలు ఎవరో ఆమెకు తెలియదు. పూచీ ఇచ్చేవాళ్ళు దొరికేసరికి నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ పిల్లవాడు లోపల. బడిలో కబురు తెలిసిపోయింది. చేసింది ఇద్దరూ ఒకటే కదా? మరి రెండోసారి పట్టుబడే అవకాశం ఎవరికి ఎక్కువ? రెండోవాడు మళ్ళీ పట్టుబడితే మనం ఏమంటాం? చూశారా, వాడి పెంపకమే అంత అంటాం.

బయటికి వచ్చిన మొదటి నెల

ఈ రెండో కుర్రాడితోనే కొంచెం దూరం నడుద్దాం. నేరం గురించి మాట్లాడేవాళ్ళు నేరం జరిగిన రోజును చూస్తారు, తీర్పు రోజును చూస్తారు. విడుదలైన మర్నాటిని ఎవరూ చూడరు. నా దృష్టిలో రెండో నేరం పుట్టేది ఆ మర్నాటి నుంచి మొదలయ్యే రోజుల్లోనే.

చాలా దేశాల్లో పిల్లవాణ్ణి షరతుల మీద వదులుతారు. వారానికోసారి అధికారి ముందు హాజరు కావాలి. చీకటి పడ్డాక ఇల్లు కదలకూడదు. బడికో పనికో తప్పకుండా వెళ్ళాలి. పాత స్నేహితులను కలవకూడదు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే న్యాయంగానే ఉంది. నాలుగింటినీ కలిపి ఒక వారం బతికి చూడండి. హాజరు మంగళవారం పగలు పదకొండు గంటలకు. పని దొరికింది, కానీ పొద్దున్న ఎనిమిదికి మొదలవుతుంది. మంగళవారం సెలవు అడగాలి. ఎందుకని యజమాని అడిగితే ఏం చెప్పాలి? నిజం చెబితే పని పోవచ్చు. చెప్పకుండా మానేస్తే తప్పకుండా పోతుంది. హాజరుకు వెళ్ళకపోతే షరతు ఉల్లంఘన. పని సాయంత్రం అయితే ఇంకో చిక్కు, తిరిగి వచ్చేసరికి చీకటి పడుతుంది. స్నేహితులను కలవకూడదంటే, వాళ్ళు పక్క గుమ్మంలోనే ఉన్నారు. ఒకడు అన్నయ్య కూడా కావచ్చు!

ఇలా షరతు తప్పినవాణ్ణి మళ్ళీ లోపలికి పంపితే చాలా లెక్కల్లో అతను "మళ్ళీ నేరం చేసినవాడి" కిందే జమ అవుతాడు. అతను ఏం దొంగిలించాడు? ఏమీ లేదు. మంగళవారం పనికి వెళ్ళాడు. అందుకే ఫలానా చోట ఇంత శాతం మంది మళ్ళీ నేరాల్లోకి వెళ్ళారని ఎవరైనా సంఖ్య చెప్పినప్పుడు నేను ముందు అడిగేది, దేన్ని లెక్కపెట్టారు అని. మళ్ళీ అరెస్టు కావడమా, శిక్ష పడటమా, జైలుకు తిరిగి రావడమా? ఎన్నేళ్ళ లోపల? ఇవి వేర్వేరు సంఖ్యలు. ఒక దేశం ఒకటి లెక్కపెడుతుంది, ఇంకో దేశం ఇంకొకటి లెక్కపెడుతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి మేం మేలా, మీరు మేలా అని వాదించుకుంటాం. అదో వినోదం.

సరే, డబ్బు సంగతి. జరిమానా, కోర్టు ఖర్చులు, నష్టపరిహారం. సైకిల్ పోగొట్టుకున్నవాడికి నష్టం తీర్చవలసిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ పదహారేళ్ళవాడికి రాబడి ఎక్కడిది? ఆ భారం తల్లి మీద పడుతుంది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఒక కౌంటీలో వెయ్యి మందికి పైగా బాల నేరస్థుల రికార్డులను అలెక్స్ పికెరో, వెస్లీ జెన్నింగ్స్ పరిశీలించి 2017లో ప్రచురించారు. నేరం తీవ్రత లాంటి తేడాలను లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా, డబ్బు రూపంలో శిక్ష ఎక్కువ పడినవాళ్ళు, బాకీ మిగిలినవాళ్ళు మళ్ళీ నేరం చేసే అవకాశం ఎక్కువగా కనిపించింది. దొంగతనానికి శిక్షగా అప్పు వేశాం. ఆ అప్పు తీర్చడానికి వాడికి తెలిసిన దారి ఏమిటి?

ఇక చదువు. షికాగోలో ఒక విచిత్రమైన వీలు దొరికింది. అక్కడి బాలల కోర్టులో కేసులు న్యాయమూర్తులకు దాదాపు చీటీలు తీసినట్టు పంచుతారు. కొందరు న్యాయమూర్తులు కఠినులు, కొందరు మెతక. అంటే ఒకే రకమైన పిల్లల్లో కొందరు కేవలం అదృష్టం కొద్దీ ఇంటికి వెళ్ళారు, కొందరు నిర్బంధ కేంద్రానికి వెళ్ళారు. ఆనా ఐజర్, జోసెఫ్ డోయల్ అనే ఆర్థికవేత్తలు 35,000 మందికి పైగా పిల్లల వివరాలు ఈ దృష్టితో చూశారు. 2015లో అచ్చయింది. నిర్బంధ కేంద్రానికి వెళ్ళినవాళ్ళలో హైస్కూలు పూర్తిచేసే అవకాశం సుమారు 13 శాతం పాయింట్లు తగ్గింది. పెద్దయ్యాక జైలుకు వెళ్ళే అవకాశం సుమారు 23 శాతం పాయింట్లు పెరిగింది. మళ్ళీ చెబుతున్నాను, పెరిగింది. బుద్ధి చెప్పడానికే కదా పంపింది?

ఎందుకు పెరిగిందో అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. లోపల ఉన్నది కొన్ని వారాలే కావచ్చు. కానీ చదువుల ఏడాది మధ్యలో ఉన్నాడు. తిరిగి వచ్చేసరికి తరగతి ముందుకు వెళ్ళిపోయింది. పదహారేళ్ళవాడు పద్నాలుగేళ్ళవాళ్ళ పక్కన కూర్చోవాలి. బడివాళ్ళు కూడా "ఇప్పుడెందుకు, వచ్చే ఏడు చూద్దాం" అంటారు. ఈ సభలో ఉపాధ్యాయులు చాలామందే ఉన్నారని విన్నాను. మిమ్మల్ని తప్పు పట్టడానికి అనడం లేదు. కానీ "వచ్చే ఏడు చూద్దాం" అన్నమాట అలాంటి కుర్రాడికి "ఇక రావద్దు" అని వినిపిస్తుంది. వచ్చే ఏడు దాకా పగళ్ళన్నీ వాడు ఎక్కడ గడపాలి?

సావాసం

ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. ఇది మాత్రం నిజమేనని పరిశోధకులు కూడా ఒప్పుకుంటున్నారు. తమాషా ఏమిటంటే, సామెత చెప్పే మనమే అలాంటి పిల్లలందరినీ ఏరి తెచ్చి ఒకే గదిలో పెడతాం!

ఫ్లోరిడాలో 169 బాలల నిర్బంధ కేంద్రాల్లో ఉన్న 8,000 మందికి పైగా పిల్లల వివరాలు చూసిన అధ్యయనం ఒకటి ఉంది, 2009 నాటిది. ఇళ్ళలో చొరబడి దొంగతనాలు చేసే పిల్లవాడికి లోపల అదే పని చేసిన సహవాసులు ఎక్కువమంది దొరికితే, బయటికి వచ్చాక మళ్ళీ అదే నేరం చేసే అవకాశం పెరిగింది. మత్తుపదార్థాల కేసుల్లోనూ అంతే. చిత్రంగా, ఆ నేరంతో ముందు సంబంధం లేనివాళ్ళలో అంత ప్రభావం కనిపించలేదు. అంటే లోపల కొత్త విద్య నేర్చుకోవడం కన్నా, ఉన్న విద్యకు సాన పట్టుకోవడం ఎక్కువ.

ఇంకా పాత కథ ఒకటి చెబుతాను, ఎందుకంటే సాయం చేద్దామని వెళ్ళేవాళ్ళందరూ దీన్ని వినాలి. 1939లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ అనే రెండు పట్టణాల్లో ఐదు వందల మందికి పైగా మగపిల్లలను తీసుకున్నారు. ఒకేలాంటి ఇద్దరిద్దరిని జతలు కట్టి, జతలో ఒకరికి సగటున ఐదేళ్ళ పాటు సలహాదారులు, ఇంటికి రాకపోకలు, చదువులో సాయం, వైద్యం, వేసవి శిబిరాలు. రెండోవారికి ఏమీ లేదు. ఇంత మంచి పని ఇంకేముంటుంది? సుమారు ముప్ఫై ఏళ్ళ తర్వాత జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు వాళ్ళందరినీ వెతికి పట్టుకున్నారు. సాయం అందుకున్నవాళ్ళలో చాలామంది "మాకు మేలు జరిగింది" అనే చెప్పారు. రికార్డులు చూస్తే ఏముంది? వాళ్ళు నేరాల విషయంలో బాగుపడింది లేదు. కొన్ని విషయాల్లో రెండోవాళ్ళకన్నా అధ్వానంగా ఉన్నారు. తర్వాత లోతుగా చూస్తే, వేసవి శిబిరాలకు ఒకసారి కన్నా ఎక్కువసార్లు వెళ్ళినవాళ్ళ దగ్గర ఆ నష్టం బాగా కనిపించింది. దారి తప్పే పిల్లల్ని ఒకచోట చేర్చి వదిలితే ఏమవుతుంది? ఎవడు ఎక్కువ తెగించాడో వాడే నాయకుడు. పెద్దవాళ్ళ మెప్పు ఎంతసేపు? తోటివాళ్ళ నవ్వు ముందు అది నిలవదు.

భయపెట్టడం గురించి కూడా ఒక్క మాట. 1970లలో న్యూజెర్సీలోని రావే జైలుకు పిల్లల్ని తీసుకువెళ్ళి, యావజ్జీవ ఖైదీల చేత కేకలు వేయించి, జైలంటే ఏమిటో చూపించారు. బ్రహ్మాండమైన పేరు వచ్చింది. చాలాచోట్ల మొదలుపెట్టారు. చీటీలు తీసి పిల్లల్ని రెండు జట్లుగా విడదీసి పరీక్షించిన ప్రయోగాలన్నీ ఆంథొనీ పెట్రొసినో బృందం ఒకచోట చేర్చి చూస్తే, ఆ జైలు చూసి వచ్చిన పిల్లలే తర్వాత ఎక్కువ నేరాలు చేశారు. అయినా ఈ రోజుకీ ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ఇదే ఆలోచన కొత్తగా కనిపెడుతూనే ఉంటారు. ఎందుకంటే అది చూసేవాళ్ళకు తృప్తిగా ఉంటుంది.

ఊరి ప్రభావం గురించి తొందరగా చెప్పి ముందుకు వెళతాను. 2005లో కత్రినా తుపాను న్యూ ఆర్లియన్స్‌ను ముంచింది. జైలు నుంచి విడుదలైనవాళ్ళు చాలామంది తమ పాత పేటకు తిరిగి వెళ్ళాలన్నా వెళ్ళలేకపోయారు, పేటే లేదు. అలా విధిలేక వేరే ప్రాంతానికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ జైలుకు రావడం బాగా తగ్గిందని డేవిడ్ కర్క్ 2009లో చూపించారు. వీళ్ళు పెద్దవాళ్ళు, పిల్లలు కాదు, నిజమే. కానీ మనిషి అతనే, మారింది చోటు.

ఇప్పుడు పని సంగతి. 2001లో డివా పేజర్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఒక పరీక్ష పెట్టారు. ఇరవైల్లో ఉన్న చురుకైన యువకులను, తెల్లవాళ్ళను ఒక జతగా, నల్లవాళ్ళను ఒక జతగా ఉద్యోగాలకు పంపారు. చదువు ఒకటే, అనుభవం ఒకటే, మాట తీరు ఒకటే. తేడా ఒక్కటే. దరఖాస్తులో ఒక గడి ఉంటుంది, "మీకు ఎప్పుడైనా శిక్ష పడిందా" అని. జతలో ఒకరు ఆ గడిలో టిక్కు పెడతారు. మరో వారం రెండోవాడు పెడతాడు. నిజానికి ఇద్దరిలో ఎవరూ నేరం చేయలేదు, అది పరీక్ష కోసం కల్పించింది. మొత్తం 350 చోట్ల దరఖాస్తు చేశారు. టిక్కు లేని తెల్లవాళ్ళకు నూటికి 34 చోట్ల నుంచి పిలుపు వచ్చింది. టిక్కు ఉంటే 17. సగం! నల్లవాళ్ళకు టిక్కు లేకపోతే 14, ఉంటే 5. ఆ 17, ఈ 14, ఈ రెండు సంఖ్యలు కాసేపు మనసులో ఉంచుకోండి. ఏ నేరమూ చేయని నల్ల యువకుడికి వచ్చిన పిలుపులు, జైలుకు వెళ్ళొచ్చానని చెప్పిన తెల్ల యువకుడికి వచ్చినవాటి కన్నా తక్కువ. సామాజిక కారణం, ఆర్థిక కారణం అని విడివిడిగా రాసుకుంటాం. ఆ కాగితం మీద గడిలో రెండూ ఒకటే.

ఇందాక ఫారింగ్టన్ ఏం చెప్పారు? పనిలేని నెలల్లో డబ్బు కోసం చేసే నేరాలు పెరుగుతాయని. పేజర్ ఏం చెప్పారు? ఒకసారి శిక్ష పడిందంటే పని దొరకడం కష్టమని. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, నేను వేరే చెప్పాల్సిన పని లేదు.

"మరి పని ఇస్తే ఆగిపోతుందా?" అంటారు. కొంతవరకు. షికాగోలోనే 2012 వేసవిలో, హింస ఎక్కువగా ఉన్న ప్రాంతాల బడుల నుంచి 1,634 మంది పిల్లలను చీటీల పద్ధతిలో విడదీసి కొందరికి ఎనిమిది వారాల వేసవి పని ఇచ్చారు, కూడా ఉండి దారి చూపే ఒక పెద్దమనిషిని ఇచ్చారు. సారా హెల్లర్ 2014లో ఫలితాలు ప్రచురించారు. పదహారు నెలల్లో హింసాత్మక నేరాల అరెస్టులు 43 శాతం తగ్గాయి. ఎక్కువ తగ్గుదల పని ముగిసిపోయాక కనిపించింది. అంటే కేవలం తీరిక లేకపోవడం వల్ల కాదు. అయితే దొంగతనాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నాకు అనుకూలంగా లేని ఫలితాన్నీ చెబుతున్నాను, ఎందుకంటే ఇంటికి వెళ్ళి "పని ఇస్తే చాలు, అన్నీ మాయమవుతాయి" అని మీరు చెప్పుకోకూడదు. ఎనిమిది వారాల జీతం ఏడాదిన్నర అవసరాలను తీర్చదు. కానీ కోపం వచ్చినప్పుడు ఏం చేయాలో, ఒక పై అధికారితో ఎలా మాట్లాడాలో బహుశా ఆ ఎనిమిది వారాలు నేర్పి ఉంటాయి.

మొక్కై వంగనిది మానై వంగుతుందా అంటారు కదా. వంగుతుంది. షెల్డన్ గ్లూక్, ఎలినార్ గ్లూక్ అనే దంపతులు బోస్టన్ ప్రాంతంలో సంస్కరణ బడులకు వెళ్ళిన 500 మంది పిల్లల మీద విస్తారంగా సమాచారం సేకరించారు. ఆ కాగితాలు హార్వర్డ్ లా స్కూల్ నేలమాళిగలో పెట్టెల్లో పడి ఉంటే, రాబర్ట్ శాంప్సన్, జాన్ లాబ్ అనే ఇద్దరు 1980లలో బయటికి తీశారు. ఆ పిల్లల్ని డెబ్బై ఏళ్ళ వయసు దాకా వెంబడించారు. వాళ్ళలో కొందరిని వెతికి కలిసి మాట్లాడారు. ఒకే సంస్కరణ బడి నుంచి వచ్చినవాళ్ళే ఎంతో వేర్వేరు జీవితాలు గడిపారు. చిన్నప్పటి వివరాలన్నీ చేతిలో పెట్టుకుని కూడా ఎవరు ఎప్పుడు మానేస్తారో చెప్పలేకపోయారు. మానేసినవాళ్ళ జీవితాల్లో కనిపించినవి ఏమిటి? నిలకడైన ఉద్యోగం, మంచి దాంపత్యం, కొందరికి సైన్యం. ఇవేవీ నేరాల విభాగం పెట్టిన పథకాలు కావు. రోజూ పొద్దున్నే లేచి ఎక్కడికో వెళ్ళాలి, వెళ్ళకపోతే ఎవరో అడుగుతారు. ఆ అడిగే మనిషి ఉండటమే పెద్ద తేడా అని వాళ్ళ మాటలు చదివితే అనిపిస్తుంది.

చివరగా ఆ గడి సంగతి ఒకటి మిగిలింది. ఒకసారి పట్టుబడినవాణ్ణి ఎంతకాలం అనుమానించాలి? ఆల్ఫ్రెడ్ బ్లమ్‌స్టీన్, కిమినోరి నకమురా ఈ ప్రశ్ననే లెక్కలోకి దింపారు. యౌవనంలో మొదటిసారి అరెస్టయి, ఆ తర్వాత ఏ గొడవా లేకుండా ఉన్నవాడు మిగతా జనంతో సమానం కావడానికి ఎన్నేళ్ళు పడుతుంది? నేరాన్ని బట్టి, అప్పటి వయసును బట్టి, సుమారుగా నాలుగు నుంచి ఎనిమిదేళ్ళు. ఆ తర్వాత అతని నుంచి ఉన్న ప్రమాదం, అదే వయసులో ఉన్న మామూలు మనిషి నుంచి ఉన్నదాని కన్నా ఎక్కువ కాదు. అంటే పదహారేళ్ళప్పుడు సైకిల్ ఎత్తుకుపోయినవాణ్ణి ముప్ఫై ఏళ్ళకు కూడా ఆ గడిలో టిక్కు పెట్టమనడం వల్ల ఎవరికీ భద్రత పెరగదు. ఐక్యరాజ్యసమితి 1985లో ఆమోదించిన బీజింగ్ నియమాల్లో బాల నేరస్థుల రికార్డులను గోప్యంగా ఉంచాలని, పెద్దయ్యాక వాళ్ళ మీద వచ్చే కేసుల్లో వాటిని వాడకూడదని రాసి ఉంది. రాసి నలభై ఏళ్ళయింది. మీలో ఉద్యోగాలు ఇచ్చే స్థానంలో ఉన్నవాళ్ళు మీ దరఖాస్తు ఫారం ఒకసారి తీసి చూడండి, ఆ గడి ఉందేమో. ఉంటే, ఎన్నేళ్ళ కిందటి వరకు అడుగుతున్నారో కూడా చూడండి.

నేను ఇప్పటిదాకా నష్టపోయినవాడి గురించి, ఆ సైకిల్ యజమాని గురించి తగినంత మాట్లాడలేదని కొందరికి అనిపించి ఉంటుంది. నాకు తెలుసు, మూడో వరుసలో ఇద్దరు ముఖాలు చిట్లించారు. ఆ ప్రశ్న అడగండి, అది న్యాయమైన ప్రశ్న. నా మటుకు నేను చెప్పేది ఒకటే: ఆ యజమాని కొత్త సైకిల్ కూడా పోకుండా ఉండాలంటే ఆ కుర్రాడికి మంగళవారం హాజరు సాయంత్రానికి మార్చాలి. ఇక మీరు అడగండి, సమయం ఉన్నంతవరకు జవాబు చెబుతాను.